కనకవ్వ జాగ

"మీ ఊరి కోటా నిండింది అవ్వా. ఎవరన్నా పోతే ఖాళీ అయితది. అప్పుడు సూద్దాం."

మండలాఫీసులో పింఛన్ల గుమాస్తా ఈ మాట అన్నప్పుడు నేను లసుమవ్వ పక్కనే నిలబడి ఉన్నాను. అతను కసురుకోలేదు. జామకాయ ముక్కకు ఉప్పు అద్దుకుంటూ మర్యాదగానే అన్నాడు. కసురుకుని ఉంటే నాకంత మంట పుట్టేది కాదు. తిట్టేవాణ్ణి తిరిగి తిట్టవచ్చు. ఇంకొకరి చావు కోసం కాచుకొమ్మని ఇంత మర్యాదగా చెప్పేవాణ్ణి ఏం చేయాలి?

లసుమవ్వ బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. "ఎవరు పోతరు సారూ?" అని అడిగింది. ఎకసెక్కం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. "మీ ఊళ్ళె కనకవ్వ అని ఒకామె మంచాన పడ్డదట గద. ఆమెకు పించిని ఉన్నది. ఆమె పోతే ఆమె జాగల నీ పేరు రాస్త. పైకి అప్పీలు పెట్టుకున్నా గిదే జవాబస్తది."

కనకవ్వ లసుమవ్వకు సోపతి. ఇద్దరూ కొత్తకోడళ్ళుగా ఊరికి వచ్చిన నాటి నుంచి ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టారు. ఒకరి చంటిపిల్లలకు ఒకరు పాలిచ్చారు. ఆ సంగతి గుమాస్తాకు తెలియదు. తెలిసినా అతని కోటాలో దానికి చోటు లేదు.

నా పేరు ఊర్మిల. నేనూ బీడీలే చుడతాను. పది దాకా చదివాను కాబట్టి బీడీ కార్మిక సంఘంలో దరఖాస్తులు రాసే పని నా మీద పడింది. మా ఊరి పేరు చెప్పను. కోరుట్ల బస్టాండులో దిగి ఆ పేరు చెబితే ఆ రోజుల్లో ఆటోవాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూసేవారు. మా బడిలో పోలీసు క్యాంపు ఉండేది. జగిత్యాల కాలేజీలో చదివే మా పిల్లలు సెలవులకు ఇంటికి రావాలంటే భయపడేవారు. అడవిలో తిరిగే అన్నలకు అన్నం పెట్టారని ఎవరిని ఎప్పుడు పట్టుకుపోతారో తెలియని కాలం అది.

ఆ కాలంలో ప్రభుత్వం మా ముసలివాళ్ళకు పింఛను ఇచ్చేది. కానీ ఊరికి ఇన్నే అని ఎక్కడో ఎవరో గీత గీశారు. ఊళ్ళో ముసలివాళ్ళు ఎందరున్నారో, ఎందరు పస్తులున్నారో ఆ గీత గీసినవాడికి పట్టలేదు. ఒకరు చస్తేనే ఇంకొకరికి. దాంతో మా ఊళ్ళో ముసలమ్మలు ఒకరి దగ్గు ఒకరు వినడం నేర్చుకున్నారు. ఎవరికన్నా జ్వరం వచ్చిందంటే పరామర్శకు వెళ్ళేవాళ్ళు తలవంచుకుని వెళ్ళేవారు, పడుకున్నవాళ్ళు మొహం అటు తిప్పుకునేవారు. సర్కారు ఇచ్చే ఆ కాస్త కూడు మా మధ్య ఎంత విషం పోసిందో మాకే మొదట అర్థం కాలేదు.

లసుమవ్వకు ఎవరూ లేరు. కొడుకు వెంకటి సిరిసిల్లలో సాంచలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆ దూది దుమ్ములోనే క్షయ పట్టి పోయాడు. ఆమెకు చూపు మసకేసింది, వేళ్ళు వణుకుతున్నాయి. బీడీ వదులుగా ఉందని కార్ఖానాదారు ఆమె కట్టలు విసిరికొట్టడం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఇరుగుపొరుగు పెడితే తినేది, లేకుంటే గంజినీళ్ళు. పింఛను వస్తే బతుకుతుంది, రాకుంటే లేదు. సంగతి అంతే.

ఆ సాయంత్రం ఆమె ఒక చిన్న ముంతలో కల్లు పట్టుకుని కనకవ్వ ఇంటికి వెళ్ళింది. మంచాన పడ్డా కనకవ్వ నోటికి కల్లంటే ప్రాణం. కోడలు బాలమణి గడపలో చేతులు అడ్డంపెట్టి నిలబడింది.

"సచ్చిందా లేదా సూసిపోను అచ్చినవా?"

"గదేం మాట బిడ్డా. జర కల్లు పోసి పోదామని..."

"మండలాఫీసుల మా అత్త పేరు చెప్పి అడిగొచ్చినవట గద. ఊరంత అనుకుంటున్నరు. ఇంక పాణమున్నది పో. పొయ్యేనాడు నీకే మొదలు కబురు చేస్త."

లోపలి నుంచి కనకవ్వ గొంతు వినిపించింది. "ఎవరే గది? లసుమా?" బాలమణి తలుపు వేసేసింది. లసుమవ్వ ఆ ముంతను గడప పక్కన పెట్టి వచ్చేసింది. బాలమణిని నేను తప్పు పట్టను. ఆ పింఛను మీదే కనకవ్వ మందులు నడుస్తున్నాయి. ఆ ఇంట్లో గల్ఫుకు పోయినవాడు లేడు, పొలమూ లేదు.

సంఘం మీటింగు సత్యవ్వ ఇంటి ముందు పెట్టుకున్నాం. మా సంఘానికి కార్యదర్శి రాజనర్సు. జగిత్యాలలో చదువు మానేసి కార్మికుల్లో పనిచేస్తున్న కుర్రాడు. కోటా ఎత్తేయాలి, ఏ దిక్కూ లేని ముసలివాళ్ళందరికీ పింఛను ఇవ్వాలి అని పెద్ద ఆఫీసరుకు అప్పీలు పంపుదామన్నాడు.

సత్యవ్వకు పింఛను వస్తుంది. ఆమె చీపురు పట్టుకునే లేచింది. "మీ లొల్లి మీరు జెయ్యున్రి. మా నోట్లె మట్టి కొట్టకున్రి. లొల్లి జేస్తె వచ్చేటియి గుడ బందు పెడ్తరు."

"నీకేందమ్మా, నీ కడుపు నిండింది," అంది రాజవ్వ. ఆమె లసుమవ్వ తర్వాత వరుసలో ఉంది. సత్యవ్వకు మేనవదిన కూడా.

"నా కడుపు నిండిందా? నేనెప్పుడు సస్తనా అని పొద్దుగాల లేస్తె నా వాకిలి దిక్కే సూస్తవ్ నువ్వు. నాకు తెల్వదా?"

ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. రాజనర్సు మధ్యలో నిలబడి గట్టిగా అన్నాడు. "కొట్టుకోన్రి. గిదే కావాలె వాళ్ళకు. మీరు గిట్ల కొట్టుకున్నన్ని రోజులు ఏ ఆఫీసరుకు నిద్ర చెడదు." ఆ మాటకు అందరూ కూర్చున్నారు గానీ ఎవరి మనసూ మారలేదు. ఆకలి ముందు ఉపన్యాసం ఎంతసేపు నిలుస్తుంది?

అప్పీలు నేనే రాశాను. వేలిముద్రలు వేయించి పంపాం. జవాబు చక్కగా టైపు కొట్టి వచ్చింది: ప్రస్తుతం ఖాళీలు లేనందున మీ విన్నపమును పరిశీలించుట సాధ్యపడదు. ఖాళీ ఏర్పడినప్పుడు సంప్రదించగలరు. గుమాస్తా జామకాయ తింటూ చెప్పిందే పెద్దసారు సంతకం పెట్టి చెప్పాడు.

తర్వాత జరిగింది మా ఊళ్ళో తప్ప ఎక్కడా జరగదేమో.

ప్రాణం పోయే ముందు మనిషిని మంచం మీంచి నేల మీదికి దించడం మా ఆనవాయితీ. మంచం మీద పోకూడదంటారు. దించారంటే ఇక అయిపోయినట్టే. దించినాక లేచినవాళ్ళను మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఒక మధ్యాహ్నం కనకవ్వకు శ్వాస అందలేదు, కళ్ళు తేలేసింది. బాలమణి, ఇరుగుపొరుగు కలిసి కిందికి దించారు. ఏడుపులు మొదలయ్యాయి.

ఊరి సుంకరి మల్లన్న ఆ వాకిట్లోనే ఉన్నాడు. ఊళ్ళో చావుపుట్టుకల కబురు ఆఫీసుకు మోసేది అతనే. మంచివాడు. సర్పంచి తన మామ పేరు ఆ జాగాలో ఎక్కించాలని కాచుకుని ఉన్నాడని అతనికి తెలుసు. ఆ మామకు మూడు పంటలు పండే పొలం ఉంది. ఈసారన్నా లసుమవ్వకు న్యాయం జరగాలని ఏడుపులు వినగానే మల్లన్న సైకిలెక్కి మండలాఫీసుకు పరిగెత్తాడు. కనకవ్వ పోయిందని చెప్పాడు. ఎన్నడూ కదలని ఆఫీసు ఆ రోజు చకచకా కదిలింది. బతికున్నవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగినా కదలని కలం చావు అనగానే ఎంత ఉషారుగా కదిలిందో. కనకవ్వ పేరు కొట్టేశారు, లసుమవ్వ పేరు రాశారు.

ఇక్కడ, పొద్దుగూకక ముందే కనకవ్వ కళ్ళు తెరిచింది. "నన్ను కింద ఎందుకు పండబెట్టిన్రే. నడుము పట్టుకున్నది," అని కోడలిని తిట్టింది.

పింఛన్లు పంచే రోజున పంచాయతీ ముందు పేరు పిలిస్తే లసుమవ్వ నమ్మలేకపోయింది. ఎవరి జాగాలోనో ఆమెకు ఎవరూ చెప్పలేదు. వేలిముద్ర వేసి, నోట్లు చెంగున ముడేసుకుని దండం పెట్టింది. ఆ వెనకే బాలమణి వచ్చింది. "మీ అత్త చనిపోయింది గద," అన్నారు పంచేవాళ్ళు. బాలమణి అక్కడే కూలబడి, మట్టి పిడికిళ్ళతో ఎత్తి లసుమవ్వ మీద పోసింది. లసుమవ్వ దులుపుకోలేదు. చెంగు విప్పి నోట్లు బాలమణి ఒడిలో పెట్టి గుడ్డిగా తడుముకుంటూ ఇంటికి పోయింది. ఆ రాత్రి నుంచి ఆమె ఎవరింటి అన్నమూ ముట్టకుండా గంజినీళ్ళతోనే ఉంటోందని పక్కింటివాళ్ళు చెప్పారు. ముసలిదాని పస్తు చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

కనకవ్వ బతికే ఉందని మళ్ళీ అప్పీలు పెట్టాం. ఈసారి పెద్దసారే స్వయంగా విచారణకు వచ్చాడు. జీపు వెనక పోలీసు వ్యాను కూడా వచ్చింది. పంచాయతీ ముందు బల్ల వేశారు. ఆ నెల పింఛన్లు కూడా అక్కడే పంచాలని సిరాముద్ద తెచ్చిపెట్టారు. ఊరంతా కూడింది. కనకవ్వను మంచంతో సహా మోసుకొచ్చాం. లసుమవ్వను నేను పట్టుకుని తీసుకొచ్చాను.

"కనకవ్వ ఎవరు?" అన్నాడు ఆఫీసరు.

"నేనే కొడుకా," అంది మంచం మీంచి కనకవ్వ.

ఆఫీసరు మల్లన్న వైపు తిరిగాడు. "చనిపోయిందని నువ్వెలా చెప్పావు?"

"కిందికి దించిన్రు సారూ. దించినంక లేసినోళ్ళను నేను సూడలె."

ఆఫీసరు మొహంలో నవ్వు కూడా లేదు. తీర్పు చెప్పాడు. కనకవ్వ బతికి ఉన్నట్టు రుజువైంది కాబట్టి ఆమె పేరు మళ్ళీ ఎక్కుతుంది. లసుమవ్వ పేరు కొట్టేస్తారు, ఆమె తీసుకున్నది తిరిగి కట్టాలి. తప్పుడు కబురు మోసినందుకు మల్లన్న మీద కేసు. అతని లెక్కలో అది న్యాయమే. ఒక జాగా, ఇద్దరు మనుషులు. ఎవరో ఒకరు ఆకలితో పోవాలి, దానికి రూలు ఉండాలి.

కనకవ్వ మోచేతి మీద లేచింది. "సారూ, నా పేరు ఎక్కియ్యకు. సచ్చిందనే ఉంచు. లసుమ తినని."

"బతికున్న మనిషిని చచ్చిందని ఎలా రాస్తామమ్మా?"

"మొన్న రాసిన్రు గద. అప్పుడు గుడ నేను బతికే ఉంటి."

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరు మొహం ఎర్రబడింది. లసుమవ్వ నా చేయి విడిపించుకుని ముందుకు నడిచింది. మంచం కోడు తగిలి అక్కడే ఆగింది.

"నాకద్దు," అంది. "గీ అక్కను సంపి నన్ను బతికిచ్చుడేంది? నేను ఈమె సావు ఎన్నడు కోరలె సారూ. మీ ఆఫీసు నాతోని కోరిచ్చింది. మంచాన పడ్డదంటె నా మనసుల ఒక్క గడియ ఆశ పుట్టింది. గా పాపం ఎవరిది?"

ఆ మాట తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క లసుమవ్వకే పుట్టిందా ఆ ఆశ? అక్కడున్న ప్రతి ముసలమ్మకూ పుట్టింది. ప్రతి ఒక్కరూ లోలోపల తమను తామే తిట్టుకుంటూ దాచుకున్నారు. బయటికి చెప్పింది లసుమవ్వ ఒక్కతే.

సత్యవ్వ పేరు పిలిచారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. సిరాముద్ద ముందు వేలు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నేనెయ్య," అంది.

"ఏందమ్మా?"

"గీ రాజవ్వ నా మేనవదినె. నేను దగ్గితె ఈమెకు ఆశ, ఈమె నా ఇంటికస్తె నాకు బుగులు. గిట్లెన్నేండ్లు బతుకుడు? అందరికియ్యి. ఇస్తెనే ఎవరమన్న ముడ్తం. లేకుంటె మీ పైసలు మీరే పట్టుకపోన్రి."

మీటింగులో చీపురు పట్టుకుని లేచిన సత్యవ్వ ఈమేనా అని నేను చూస్తూ ఉండిపోయాను. రాజనర్సు ఉపన్యాసం చేయలేని పని లసుమవ్వ చెప్పిన ఒక్క నిజం చేసింది. తర్వాత పిలిచినామె రాలేదు. ఆ తర్వాతామే రాలేదు. అప్పటిదాకా చెరో పక్క కూర్చున్న పింఛను వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ ఎప్పుడు కలిసిపోయారో తెలియదు, కనకవ్వ మంచం చుట్టూ ఒకే గుంపుగా కూర్చున్నారు.

"ఇది మీ బుద్ధి కాదు. అడివిలోంచి ఎవరో నేర్పుతున్నారు," అన్నాడు ఆఫీసరు లేస్తూ.

"ఆకలి నేర్పుతుంది సార్," అన్నాడు రాజనర్సు. అతను అన్నది అంతే. పోలీసులు అతన్నీ మల్లన్ననూ వ్యానులోకి తోశారు. మల్లన్నను నాలుగు రోజులు కొట్టి వదిలారు, సుంకరి పని ఊడింది. రాజనర్సు దగ్గర తుపాకీ దొరికిందని రాసుకుని జైలుకు పంపారు. అతని దగ్గర దొరికింది నా చేతిరాతలోని అప్పీలు నకలు.

ఆ నెల ఎవరూ పింఛను తీసుకోలేదు. తర్వాతి నెలా తీసుకోలేదు. ఇది చెప్పినంత సులువుగా జరగలేదు. అది వానకాలం. ఆకు మెత్తబడితే బీడీ సాగదు. అయినా మేం చుట్టేవాళ్ళం ఇంటికి గుప్పెడు గింజలు తీసి ముసలివాళ్ళకు ఇచ్చాం. సరిపోలేదు. పింఛను వచ్చేవాళ్ళలో లక్ష్మవ్వ ఆకలికి ఆగలేక చాటుగా వెళ్ళి వేలిముద్ర వేసి వచ్చింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడో రోజు తనే వచ్చి మా మధ్య కూర్చుని ఏడ్చింది. క్యాంపు పోలీసులు రోజూ ఇల్లిల్లూ తిరిగి, సంఘం వదిలితే రేపే ఇప్పిస్తామని ఊరించారు. సంఘం ఎక్కడుంది, జైల్లో ఉంది కదా అనేది సత్యవ్వ. ఉన్నది మేమే. ఓడిపోతామని నాకు లోపల గట్టిగానే అనిపించేది. లసుమవ్వ మొహంలో ఎముకలు తేలుతుంటే, కనకవ్వకు మందులు ఆగిపోతే, ఏం సాధిస్తున్నామని నిద్ర పట్టేది కాదు.

ఒక పొద్దున్నే బాలమణి లసుమవ్వ ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. "అత్త పిలుస్తున్నది రా," అంది. చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ రోజు కనకవ్వను దించింది ఆ ఇద్దరే. ఆమె తలను లసుమవ్వ తన ఒడిలో పెట్టుకుంది. కనకవ్వ సోపతి చీర కొంగు వేళ్ళకు చుట్టుకుని పోయింది.

మగవాళ్ళు పాడె కట్టారు. అప్పుడు బాలమణి వాకిట్లోకి వచ్చి అంది. "కాటికి కాదు. ముందుగాల మండలాఫీసుకు పోదాం."

కులపెద్దలు వద్దన్నారు. పీనుగును అటూ ఇటూ తిప్పితే ఊరికి అరిష్టమన్నారు. "బతికున్న మా అత్తను సచ్చిందని రాసినప్పుడు ఊరికి రాలేదా అరిష్టం?" అంది బాలమణి. పాడె లేచింది. ముందు డప్పు, వెనక ముసలమ్మలు, ఆ వెనక బీడీ పని వదిలి వచ్చిన మేమంతా. తోవలో రెండు ఊళ్ళవాళ్ళు కలిశారు. వాళ్ళ కోటా కూడా నిండే ఉంది.

పాడెను మండలాఫీసు మెట్ల ముందు దించి చుట్టూ కూర్చున్నాం. గుమాస్తా బయటికి వచ్చి, లోపలికి పోయి ఫోను చేసి, మళ్ళీ వచ్చాడు. వ్యాను అప్పుడే గేటు దగ్గర ఆగింది. అతను లసుమవ్వ ముందు వంగి మెల్లగా చెప్పాడు. "అవ్వా, ఇప్పుడు నిజంగనే ఖాళీ అయింది. సారుతోటి మాట్లాడిన. ఈ నెల నుంచే నీకు రాస్త. శవాన్ని తీసుకపోన్రి."

లసుమవ్వ కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. ఊఁ అంటే ఆమెను తప్పు పట్టే నోరు అక్కడ ఎవరికీ లేదు.

"రాజవ్వనడుగు," అంది లసుమవ్వ.

అతను రాజవ్వ వైపు చూశాడు. రాజవ్వ తల అడ్డంగా ఊపింది. పక్కామెను చూశాడు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది. ఒక్కొక్కరినీ అడుగుతూ వరుస చివరిదాకా వెళ్ళాడు. వాళ్ళంతా ఆకలితో ఉన్నవాళ్ళే. వాళ్ళంతా ఆ ఒక్క జాగా కోసం ఏళ్ళుగా ఎదురుచూసినవాళ్ళే. ఒక్కరు కూడా అవునని అనలేదు. ఆఖరున అతను ఖాళీ చేతులతో నిలబడి, ఏం చేయాలో తెలియక పోలీసుల వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టరు లసుమవ్వ రెక్క పట్టి లేపాడు. ఆమె అడుగు తడబడింది. సత్యవ్వ వెళ్ళి రెండో రెక్క పట్టుకుని, ఆమెతో పాటు తనూ వ్యానెక్కింది. వెనకే రాజవ్వ, లక్ష్మవ్వ. ఎవరూ లాగకుండానే ముసలమ్మలు ఒకరి చేయి ఒకరు అందుకుని ఎక్కుతూనే ఉన్నారు.

బాలమణి పాడె మోసినవాళ్ళ దగ్గరికి పోయింది. "మా అత్తను మీరు కొంచపోయి కట్టె పెట్టున్రి," అంది. "నేను మా అవ్వోళ్ళెంబడి పోత."

ఆమె వ్యాను మెట్టు మీద కాలు పెట్టేసరికి లోపల చోటు లేదు. ఇంకా మేమంతా కిందే ఉన్నాం. ఇన్‌స్పెక్టరు మమ్మల్నీ వ్యానునూ మార్చి మార్చి చూసి, ఇంకో బండి పంపమని వైర్‌లెస్‌లో అడగడం మొదలుపెట్టాడు.